వెబ్‌సైట్ ఐడియా నలుగురికీ చెప్పే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త వెబ్‌సైట్ ఐడియా తట్టినవాళ్లను రెండు భయాలు ఒకేసారి పట్టుకుంటాయి. చెబితే ఎవరైనా ఎత్తుకుపోతారేమో. చెప్పకుండా దాచుకుంటే అది ఎప్పటికీ కాగితం మీదే ఉండిపోతుందేమో. రెండోదే పెద్ద ప్రమాదమని నా నమ్మకం. అలాగని మొదటిదాన్ని కొట్టిపారేయలేం. అందుకే ఎవరి దగ్గర, ఏ విషయంలో జాగ్రత్తపడాలో వివరంగా రాస్తున్నాను. చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి, డబ్బు ఇచ్చే ముందు, సంతకం పెట్టే ముందు మీ దేశంలోని లాయర్‌కు ఒకసారి చూపించండి.

ఉత్త ఐడియాకు కాపీరైట్ వస్తుందా?

రాదు. దాదాపు ఏ దేశంలో అడిగినా ఇదే జవాబు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలకు వర్తించే 1994 నాటి ట్రిప్స్ ఒప్పందం 9వ అధికరణంలో ఈ సంగతి సూటిగా ఉంది: కాపీరైట్ రక్షణ వ్యక్తీకరణకే, ఆలోచనలకూ పద్ధతులకూ గణిత భావనలకూ కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కొందరి ఇళ్లలో సంగీత వాయిద్యాలు వాడకుండా పడి ఉంటాయి. నేర్చుకునేవాళ్లకేమో కొన్నాళ్ల పాటు అద్దెకు కావాలి. ఈ ఇద్దరినీ కలిపే సైట్ మీ ఐడియా అనుకోండి. ఈ మాట విన్న ఎవరైనా అలాంటి సైట్ పెట్టుకోవచ్చు. మీరు రాసిన వాక్యాలను, గీసిన స్క్రీన్లను, రాసిన కోడ్‌ను, తీసిన ఫొటోలను మాత్రం మీ అనుమతి లేకుండా వాడుకోకూడదు.

వినగానే అన్యాయం అనిపిస్తుంది. కానీ 1998లో గూగుల్ కంపెనీ పుట్టేనాటికి ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజిన్ దాదాపు మూడేళ్లుగా నడుస్తోంది. 2004లో ఫేస్‌బుక్ వచ్చేనాటికి ఫ్రెండ్‌స్టర్, మైస్పేస్ జనంలో ఉన్నాయి. మొదట అనుకున్నవాళ్లకే ఐడియా సొంతమైతే ఆ తర్వాతి సైట్లు వచ్చేవే కావు. మీ సైట్‌కు కూడా ఎక్కడో ఒక పూర్వీకుడు ఉండే ఉంటాడు.

మరి రక్షించుకోవడానికి నా దగ్గర ఏముంది?

ఐడియా చుట్టూ మీరు చేసిన పని అంతా ఉంది. రాతలు, డిజైన్, కోడ్‌కు కాపీరైట్ దానంతట అదే వస్తుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన 180కి పైగా దేశాల్లో ఇందుకోసం దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. రిజిస్టర్ చేయించుకుంటే మాత్రం తర్వాత గొడవల్లో పనికొస్తుంది. అమెరికాలో తయారైన రచనలకైతే అక్కడి కోర్టులో కేసు వేయాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

పేరుకూ లోగోకూ ట్రేడ్‌మార్క్ ఉంది. బయటికి తెలియని సమాచారానికి వ్యాపార రహస్యం అనే రక్షణ ఉంది. దీనికి ట్రిప్స్ 39వ అధికరణం మూడు షరతులు పెట్టింది: అది నిజంగా రహస్యమై ఉండాలి, రహస్యం కావడం వల్లే దానికి విలువ ఉండాలి, దాన్ని కాపాడుకోవడానికి మీరు తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి. చాలామంది ఓడిపోయేది మూడో షరతు దగ్గరే. అందరికీ తెరిచి ఉన్న లింకులో పెట్టిన ఫైలును రహస్యం అని కోర్టులో వాదించడం కష్టం.

పేటెంట్ సంగతి వేరే ప్రశ్నలో చెబుతాను.

ఎవరికి ఎంత చెప్పాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చెప్పాలా వద్దా అని ఆలోచించడం మానేసి, ఐడియాను పొరలుగా విడదీసి చూడండి.

పై పొర సమస్య. "వాయిద్యం కొనాలంటే ఖర్చు ఎక్కువ, పిల్లలు రెండు నెలల్లో మానేస్తారేమోనని తల్లిదండ్రులకు భయం." ఇది ఎవరికైనా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. నిజానికి చెప్పడం కన్నా అడగడం మేలు. ఇంతకుముందు ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ విసుగొచ్చింది అని అడిగితే మీ సైట్ ప్రస్తావన రాకుండానే కావాల్సింది తెలుస్తుంది. పైగా సైట్ గురించి చెప్పి "ఎలా ఉంది?" అంటే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. అది మీకు ఎందుకూ పనికిరాదు.

రెండో పొర పరిష్కారం. అద్దెకిచ్చే సైట్ పెడుతున్నామని చెప్పడం. సలహాదారులకు, పెట్టుబడి పెట్టేవాళ్లకు, మొదటి వాడుకదారులకు ఇది చెప్పక తప్పదు. సైట్ తెరిచిన మొదటి రోజే ప్రపంచమంతా చూసే సంగతి ఇది. దీన్ని కొన్ని నెలలు దాచినందువల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

లోపలి పొర అసలు కిటుకు. వాయిద్యం పాడైతే నష్టాన్ని ఎలా లెక్కగడతారు, మొదటి వెయ్యి వాయిద్యాలు ఏ సంగీత పాఠశాలల నుంచి వస్తాయి, వాళ్లతో ఏ షరతుల మీద మాట్లాడుకున్నారు, ధర ఎలా నిర్ణయిస్తారు అన్నవి. సైట్ బయటికొచ్చాక కూడా చూసేవాళ్లకు కనిపించనివి ఇవే. ఇవి పని చేసేవాళ్లకు మాత్రమే, వాళ్ల పనికి కావలసినంత మేరకే చెప్పాలి. ఫారం డిజైన్ చేసే మనిషికి నష్టం లెక్కగట్టే సూత్రంతో పని లేదు.

ఎవరికి ఏ రోజు ఏం చూపించారో ఒక ఫైల్లో రాసుకుంటూ ఉండండి. రెండు నిమిషాల పని. రేపు ఏదైనా తేడా వస్తే మీ మాటకు బలం ఇచ్చేది అదే.

ఎన్‌డీఏ (విన్నది బయటపెట్టబోమనే ఒప్పందం) రాయించుకుంటే సరిపోతుందా?

సరైన మనిషితో, సరైన సమయంలో రాయించుకుంటే చాలావరకు పనికొస్తుంది. కోడ్ రాసేవాళ్లు, డిజైనర్లు, మీ డేటా చూడబోయే భాగస్వామి కంపెనీలు, వీళ్లతో తప్పకుండా ఉండాలి. అది కూడా చెప్పే ముందే. అంతా చెప్పేసి వారం తర్వాత పంపిస్తే, అప్పటికే విన్నదానికి అది వర్తిస్తుందా లేదా అన్న వాదన మొదలవుతుంది.

కాగితంలో చూడాల్సినవి ఇవి. ఏది రహస్యమో స్పష్టంగా ఉండాలి. "నేను చెప్పినదంతా" అని రాస్తే నిలబడడం కష్టం. ఏ పని కోసం ఆ సమాచారం వాడొచ్చో, ఎన్నేళ్లు దాచాలో, పని అయ్యాక ఫైళ్లు తిరిగివ్వాలో చెరిపేయాలో రాయాలి. ఏ ఊరి కోర్టు పరిధిలోకి వస్తుందో కూడా ఉండాలి. అప్పటికే అందరికీ తెలిసినవి, అవతలివాళ్లకు ముందే తెలిసినవి, వాళ్లు సొంతంగా కనుక్కున్నవి మినహాయింపులో ఉంటాయి. ఇవి న్యాయమైన మినహాయింపులే, అనుమానపడక్కర్లేదు. ఎదుటివైపు కంపెనీ అయితే సంతకం కంపెనీ తరఫున జరగాలి. సొంత పేరుతో ఉద్యోగి పెట్టిన సంతకం కంపెనీని కట్టిపడేయదు.

ఒప్పందం ఉల్లంఘిస్తే కోర్టుకు వెళ్లాల్సింది మీరే, ఖర్చు మీదే. అందుకే నమ్మకం కుదరని మనిషికి ఎన్‌డీఏ చేతిలో పెట్టి లోపలి పొర విప్పి చెప్పొద్దని నా సలహా.

ఇన్వెస్టర్ సంతకం పెట్టనన్నారు. అనుమానించాలా?

అక్కర్లేదు. పెట్టుబడి సంస్థలు మొదటి మీటింగ్‌కు ఎన్‌డీఏ సంతకం చేయకపోవడం మామూలే. ఒకేలాంటి ఐడియాలు ఎన్నో వాళ్ల దగ్గరకు వస్తుంటాయి. ప్రతిదానికీ సంతకం పెడితే రేపు వేరే కంపెనీకి డబ్బు పెట్టినా కేసు పడుతుందని వాళ్ల భయం. రెండో పొర వరకు చెప్పండి. అయితే వెళ్లే ముందు వాళ్లు ఇప్పటికే పెట్టుబడి పెట్టిన కంపెనీల జాబితా చూడండి. అందులో మీకు నేరుగా పోటీ అయ్యే కంపెనీ ఉంటే ఆ మీటింగ్ మానుకోవడమే మంచిది.

డెవలపర్ నా ఐడియా ఎత్తుకుపోతే?

ఐడియా ఎత్తుకుపోవడం కన్నా ఎక్కువగా జరిగేది వేరే ఉంది. డబ్బు మీరిచ్చారు, సైట్ తయారైంది, కానీ చట్టప్రకారం కోడ్ మీది కాదు. చాలా దేశాల్లో ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కు కాపీరైట్ యజమాని ఆ ఫ్రీలాన్సరే. రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే అది మీదవుతుంది. ఇన్‌వాయిస్ కట్టిన రసీదు ఆ బదిలీ కాదు. భారత కాపీరైట్ చట్టంలో ఇంకో మెలిక ఉంది. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే దేశం లోపలికే అని అర్థం చేసుకుంటారు. అందుకని "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం" అని రాయించుకోవాలి.

ఇక తాళాల సంగతి. డొమైన్ (సైట్ చిరునామా) మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. "నేను కొనిపెడతాను సార్, తర్వాత మారుద్దాం" అంటే సున్నితంగా వద్దనండి. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్), కోడ్ రిపాజిటరీ (కోడ్ దాచే చోటు), యాప్ స్టోర్, పేమెంట్ గేట్‌వే, అనలిటిక్స్ ఖాతాలన్నీ మీరు తెరిచి, పని చేసేవాళ్లకు వేరే యూజర్‌గా అనుమతి ఇవ్వండి. మీ సొంత పాస్‌వర్డ్ పంచుకోవద్దు. పని పూర్తయిన రోజే ఆ అనుమతి తీసేయండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఎవర్నీ దొంగ అనడం లేదు. చాలాసార్లు దురుద్దేశమేమీ ఉండదు: డెవలపర్ ఉద్యోగం మారతారు, ఫోన్ నంబర్ మారుతుంది, రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడరు, డొమైన్ పోతుంది. నష్టం మాత్రం అంతే.

ఓపెన్ సోర్స్ కోడ్ (ఇతరులు రాసి, షరతులతో అందరికీ ఇచ్చిన కోడ్) ఏమేం వాడారో కూడా జాబితా అడగండి. కొన్ని లైసెన్సుల ప్రకారం మీ కోడ్‌ను ఇతరులకు ఇచ్చినప్పుడు మీ సోర్స్ కూడా బయటపెట్టాలి. ఏజీపీఎల్ లాంటి లైసెన్సుల్లో ఆ కోడ్‌ను మార్చి సర్వర్ మీద నడిపి జనానికి అందించినా ఆ షరతు వర్తిస్తుంది.

స్నేహితుడితో కలిసి మొదలుపెడుతున్నా. మా మధ్య కాగితాలు అవసరమా?

స్నేహం నిలవాలంటే అవసరం. 2003 చివర్లో హార్వర్డ్ విద్యార్థులు ముగ్గురు తమ హార్వర్డ్ కనెక్షన్ అనే సైట్ పనికి మార్క్ జుకర్‌బర్గ్‌ను పెట్టుకున్నారు. 2004 ఫిబ్రవరిలో ఆయన సొంత సైట్ ఫేస్‌బుక్ తెరిచారు. ఆ ముగ్గురూ కోర్టుకెక్కినప్పుడు చూపించుకోగలిగింది నోటిమాట ఒప్పందమే. 2008లో నగదు, షేర్లు కలిపి సుమారు 6.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దాని మీద కూడా మళ్లీ ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ఆ గొడవలో ఎవరిది న్యాయమో నేను తేల్చలేను. ఎవరు ఏం చేస్తారో, చేసింది ఎవరి సొత్తో మొదటి వారమే ఒక పేజీలో రాసుకుని ఉంటే కథ వేరేగా ఉండేదని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

ఆ పేజీలో వాటాలు ఉండాలి. మధ్యలో ఒకరు తప్పుకుంటే వాటా ఏమవుతుందో ఉండాలి. స్టార్టప్‌ల్లో సాధారణంగా వాటా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొచ్చేట్టు, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రానట్టు రాసుకుంటారు. అలాగే ఇద్దరూ ఇప్పటిదాకా చేసిన పని, ఇకపై చేసే పని కంపెనీకే చెందుతుందని రాయాలి.

పేటెంట్ తీసుకోవచ్చా?

చాలా సైట్లకు కుదరదు. "అద్దెకిచ్చేవాళ్లనూ తీసుకునేవాళ్లనూ కలపడం" పేటెంట్‌కు అందే సంగతి కాదు. అమెరికాలో 2014 నాటి సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు తర్వాత, తెలిసిన వ్యాపార పద్ధతిని కంప్యూటర్ మీద పెట్టినంత మాత్రాన పేటెంట్ రావడం కష్టమైంది. యూరప్‌లో, భారత్‌లో కూడా ఉత్త ప్రోగ్రామ్‌కు, ఉత్త వ్యాపార పద్ధతికి ఇవ్వరు. అమెజాన్‌కు 1999లో అమెరికాలో వచ్చిన వన్-క్లిక్ (ఒక్క నొక్కుతో కొనే పద్ధతి) పేటెంట్‌ను చూసి చాలామంది ఆశపడతారు. అదే పేటెంట్‌ను యూరప్‌లో తిరస్కరించారు. అమెరికాలో దాని గడువు 2017లో తీరిపోయింది.

మీ దగ్గర నిజంగా కొత్త సాంకేతిక పద్ధతి ఉంటే మాత్రం ఎవరికీ చెప్పకముందే పేటెంట్ ఏజెంట్‌ను కలవండి. ఈ ఒక్క విషయంలో నోరు విప్పడం వల్ల హక్కే పోవచ్చు. యూరప్‌లో దరఖాస్తుకు ముందు మీరే బయటపెట్టినా కొత్తదనం పోయినట్టే లెక్క. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. ఒక దేశంలో మొదటి దరఖాస్తు పెడితే ప్యారిస్ ఒప్పందం ప్రకారం మిగతా సభ్య దేశాల్లో 12 నెలల్లోపు అదే తేదీ లెక్కతో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సైట్ పేరు ఎవరైనా ముందే కొనేస్తే?

అందుకే పేరు ఎవరికీ చెప్పకముందే డొమైన్ కొనాలి. ఈ పేజీలో చెప్పిన జాగ్రత్తలన్నిటిలో తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదే. పేరు ఖాళీగా ఉందో లేదో వెతికిన రోజే కొనేయండి. 2008లో డొమైన్లు అమ్మే ఒక పెద్ద రిజిస్ట్రార్ కంపెనీ జనం వెతికిన పేర్లను తానే కొద్ది రోజులు పట్టి ఉంచడం పెద్ద వివాదమైంది. సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అదే పూట తీసుకోండి.

డొమైన్ ఉన్నంత మాత్రాన పేరు మీద హక్కు రాదు. ఇంకెవరిదైనా ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉంటే మీ డొమైన్ పోవచ్చు. కాబట్టి ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో వెతకండి. వస్తువులనూ సేవలనూ మొత్తం 45 తరగతులుగా విడదీశారు. ఆన్‌లైన్ మార్కెట్‌కు 35, డౌన్‌లోడ్ చేసే యాప్‌కు 9, వెబ్ సాఫ్ట్‌వేర్ సేవకు 42 ముఖ్యమైనవి. చాలా దేశాల్లో ముందు దరఖాస్తు పెట్టినవాళ్లదే పైచేయి. పేరు మీద బాగా నమ్మకం కుదిరితే సైట్ తెరిచేదాకా ఆగకండి.

నాకు నేనే ఈమెయిల్ పంపుకుంటే రుజువు అవుతుందా?

బలహీనమైన రుజువు. కవరులో పెట్టి తనకు తానే పోస్ట్ చేసుకునే పాత పద్ధతి రిజిస్ట్రేషన్‌కు బదులు కాదని అమెరికా కాపీరైట్ కార్యాలయమే చెబుతుంది. గిట్ కమిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే రికార్డు) మీద ఉండే తేదీని కూడా రాసినవాళ్లు మార్చుకోవచ్చు. తేదీకి బయటివాళ్ల సాక్ష్యం కావాలి. ఫైలు నుంచి షా-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్) తీసి గుర్తింపు ఉన్న టైమ్‌స్టాంప్ సంస్థతో ముద్ర వేయించుకుంటే, ఫైలు ఎవరికీ చూపించకుండానే అది ఆ రోజుకే ఉందని నిరూపించవచ్చు. ఫ్రాన్స్‌లో, బెనెలక్స్ (బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్) దేశాల్లో ప్రభుత్వ కార్యాలయాలే ఇలా తేదీ నమోదు చేసే సేవ ఇస్తున్నాయి. ఏదైనా సరే, అది తేదీని నిరూపిస్తుందే తప్ప ఐడియా మీద హక్కు ఇవ్వదు.

టెస్ట్ సైట్ ఎవరికీ తెలియని లింకులో ఉంది. భద్రమేనా?

కాదు. సైట్‌కు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ (సురక్షిత కనెక్షన్‌కు కావలసిన ధ్రువపత్రం) తీసుకోగానే ఆ పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లు అనే బహిరంగ జాబితాల్లో చేరుతుంది. వాటిని ఎవరైనా వెతకవచ్చు. మీరు సరదాగా సబ్‌డొమైన్‌కు "కొత్త-అద్దె-సైట్" అని పేరు పెడితే, ఐడియా సగం అక్కడే బయటపడుతుంది. సెర్చ్ ఇంజిన్లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైల్లో "ఇటు రావద్దు" అని రాయడం కూడా తాళం కాదు. ఆ ఫైలు ఎవరైనా తెరిచి మీరు దాచాలనుకున్న పేజీల దారులు చదువుకోవచ్చు.

పాస్‌వర్డ్ పెట్టండి, అంతే. డిజైన్ ఫైళ్లు, డాక్యుమెంట్లు "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అనే సెట్టింగ్‌లో వదలకండి. పేరు పేరునా అనుమతి ఇవ్వండి. కోడ్ రిపాజిటరీ ప్రైవేటుగానే ఉందో లేదో ఇప్పుడే ఒకసారి చూడండి.

ఏఐ చాట్‌బాట్‌తో ఐడియా చర్చించవచ్చా?

పై రెండు పొరలైతే ఇబ్బంది లేదు. లోపలి పొర చెప్పే ముందు, మీ సంభాషణలను మోడల్ శిక్షణకు వాడతారా అన్న సెట్టింగ్ చూసి ఆపేయండి. క్లయింట్‌తో ఎన్‌డీఏ ఉంటే వాళ్ల సమాచారం అందులో వేయడమే ఉల్లంఘన కావచ్చు.

ఉద్యోగం చేస్తూ ఈ సైట్ కడుతున్నా. సమస్యా?

కావచ్చు, చిన్నది కాదు కూడా. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం చేసిన పత్రం తీసి చదవండి. కంపెనీ వ్యాపారానికి దగ్గరగా ఉన్న ఏ పని చేసినా అది కంపెనీదే అని చాలా పత్రాల్లో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు ఈమెయిల్, ఆఫీసు వేళలు ఈ పనికి అస్సలు వాడొద్దు. అనుమానం ఉంటే రాతపూర్వక అనుమతి అడగండి. అడగడానికి టెన్షన్‌గానే ఉంటుంది. సైట్ విజయవంతమయ్యాక ఈ ప్రశ్న వస్తే పడే టెన్షన్ ముందు అదెంత.

అచ్చం నా సైట్‌లాంటిదే బయటికొచ్చింది. ఏం చేయాలి?

ముందు కోపం మీద ఎవరికీ మెసేజ్ పెట్టకండి. ఆ పేజీలను తేదీ కనిపించేట్టు స్క్రీన్‌షాట్లు తీయండి, వెబ్ పేజీల పాత రూపాలను భద్రపరిచే వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేయండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. పోలింది ఐడియా ఒక్కటేనా, మీ వాక్యాలూ బొమ్మలూ కోడ్ కూడా ఉన్నాయా? ఒకే సమస్యను ఇద్దరు ఒకేసారి గమనించడం చాలా సహజం.

మీ రాతలో బొమ్మలో ఎత్తుకున్నట్టు తేలితే హోస్టింగ్ కంపెనీకి, సెర్చ్ ఇంజిన్‌కు కాపీరైట్ నోటీసు పంపవచ్చు. 1998 నాటి అమెరికా డీఎంసీఏ చట్టం వల్ల అక్కడి కంపెనీలకు ఇందుకోసం సిద్ధంగా ఒక పద్ధతి ఉంటుంది. మీ ట్రేడ్‌మార్క్‌ను పోలిన డొమైన్‌ను దురుద్దేశంతో తీసుకుంటే యూడీఆర్‌పీ అనే పద్ధతిలో, కోర్టుకు వెళ్లకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఎన్‌డీఏ ఉన్న మనిషే చేశాడని అనుమానమైతే, ఎవరికి ఏం చూపించారో రాసుకున్న ఆ ఫైలు తీసుకుని లాయర్ దగ్గరకు వెళ్లండి.

ఐడియా మాత్రమే పోలి ఉంటే చేయగలిగిన కేసు ఏదీ లేదు. వాళ్ల సైట్‌లో ఖాతా తెరిచి, వాడుకదారులు ఏ విషయంలో గొణుగుతున్నారో చదవండి. మీ తర్వాతి నెల పని పట్టికలో మొదటి నాలుగు లైన్లు అక్కడే దొరుకుతాయి.